బట్టీ పిల్లలను బడిలో కలుపుకోవడం ఎలా: ఒడియా పిల్లలున్న తరగతి టీచర్లకు

నువాఖాయి (కొత్త బియ్యం పండుగ) దాటాక ఒడిశాలోని బొలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి వైపు ఇటుక బట్టీలకు కుటుంబాలు దిగుతాయి. డిసెంబరుకల్లా వాళ్ల పిల్లల్లో కొందరు దగ్గర్లోని సర్కారు బడికొస్తారు. అప్పటికి సగం సిలబస్ అయిపోయి ఉంటుంది. "ఎండాకాలం వెళ్లిపోయేవాళ్లే కదా" అని వెనక బెంచీకి పంపడంతోనే చిక్కు మొదలవుతుంది.

టీసీ లేదనో, వయసు కాగితం లేదనో, సంవత్సరం మధ్యలో వచ్చారనో తిప్పి పంపకూడదు. విద్యాహక్కు చట్టం 2009లోని 5, 14, 15 సెక్షన్లు హెచ్‌ఎంకు చూపించండి. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే వేయాలి. పదేళ్ల పిల్లకు తెలుగు రాదని ఒకటో తరగతిలో కూర్చోబెడితే, ఆరేళ్ల వాళ్ల మధ్య సిగ్గుపడి వారంలో మానేస్తుంది.

పేరు దగ్గర జాగ్రత్త. ఒడియా వాళ్లకు ఇంటిపేరు చివర వస్తుంది. మన రిజిస్టర్ అలవాటుగా ముందుకు తెస్తే "మాఝి" అన్నదే పిల్ల పేరైపోతుంది, ఊరికెళ్లాక ఆధార్‌తో కలవదు. ఆధార్‌లో ఉన్న వరుసలోనే, ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో సహా రాసుకోండి. పాత బడి పేరు, పంచాయతీ, బ్లాక్, పర్మినెంట్ ఎడ్యుకేషన్ నంబర్ (బడి మారినా మారని విద్యార్థి నంబర్) అడగండి. అక్కడి రోల్స్‌లో పేరు ఇంకా ఉందేమో ఆ హెచ్‌ఎంకు ఫోన్ చేసి కనుక్కున్నాకే ఆన్‌లైన్‌లో ఎక్కించండి. హాజరప్పుడు పూర్తి పేరుతో పిలవండి. "ఏయ్ ఒడిశా" అని తోటి పిల్లలు పిలిస్తే ఆ క్షణమే ఆపాలి. టీచరే అలా పిలిస్తే 17వ సెక్షన్ చెప్పే మానసిక వేధింపు దాకా పోతుంది.

ఒడియా పిల్లలందర్నీ ఒకే బెంచీలో వేస్తే తరగతిలో వేరే తరగతి తయారవుతుంది. ఒక్కర్నే విడదీస్తే నోరు మెదపరు. ఇద్దరు ఒడియా, ఇద్దరు తెలుగు పిల్లలు కలిసి కూర్చుంటే సరిపోతుంది. నీళ్లకు, బాత్రూమ్‌కు మొదటి రోజే రెండు సైగలు నేర్పండి. అడగలేక తడుపుకున్న పిల్ల మర్నాడు రాదు.

ముప్పై మాటల చార్టు కట్టండి: వాళ్ల మాట తెలుగు అక్షరాల్లో, పక్కన మన మాట. ఈ మాటలు నెట్‌లో వెతకొద్దు. పశ్చిమ ఒడిశా ఇళ్లలో సంబల్‌పురి మాట్లాడతారు, పుస్తకాల ఒడియాకూ దానికీ తేడా ఉంది. తల్లినో అక్కనో అడిగి రాసుకోండి. రోజుకు మూడేసి మాటలు తెలుగు పిల్లలూ నేర్చుకోవాలి, ఇది వదిలేస్తే చార్టు గోడకే మిగులుతుంది. చదువు స్థాయి ముందు లెక్కల్లో చూడండి. ఒడియా అంకెలతో జవాబు రాస్తే తప్పు కొట్టకండి. దీక్షా యాప్‌లో ఒడిశా పుస్తకాలు తీసి రోజూ 20 నిమిషాలు సొంత భాషలో చదివించండి. తిరిగి వెళ్లాల్సింది ఆ బడికే.

భోజనం వరుసలో ఎవరు విడిగా కూర్చుంటున్నారో గమనించండి. బట్టీల దగ్గర స్నానానికి నీళ్లు కరువు, కాబట్టి "మురికి" అన్న మాట తొందరగా వస్తుంది. వాళ్లొక్కరినే కడుక్కోమనకుండా, తరగతి మొత్తాన్నీ సబ్బుతో కుళాయి దగ్గరికి పంపండి. బట్టీ పని గురించి అందరి ముందు చెప్పమని నిలబెట్టొద్దు. రిపబ్లిక్ డే నాడు సంబల్‌పురి డాన్స్ వేయించి ఫొటో తీసుకోవడం మనకు సంబరమే కానీ, 27న ఆ పిల్ల ఎక్కడ కూర్చుందన్నదే లెక్క.

గైర్హాజరైతే చిన్న తమ్ముణ్ని ఎవరు చూస్తున్నారో అడగండి. వెయ్యి ఇటుకలకింత అని కూలి కడతారు, తల్లిదండ్రులిద్దరూ మట్టిలోనే ఉంటారు. చంటివాణ్ని అంగన్‌వాడీలో చేర్పిస్తే అక్క బడికొస్తుంది. పేరు మాత్రం కొట్టేయకండి.

బడికి ఏప్రిల్ చివర్లోనే సెలవులు, బట్టీ తొలకరి దాకా నడుస్తుంది. సర్దార్ (కూలీలను తెచ్చిన మేస్త్రీ) లెక్క తేల్చాడంటే రాత్రికి రాత్రే బండెక్కుతారు. అందుకే మార్చిలోనే చేరిన తేదీ, హాజరు, ఏం చదవగలదు, ఏ లెక్కలొచ్చు అన్నవి ఒక పేజీలో రాసి సంతకం, ముద్ర వేసి పెట్టుకోండి. తెలుగులో ఇస్తే బొలాంగీర్‌లో చదివేవాళ్లుండరు, ఇంగ్లిష్‌లో రాయండి. ఒక కాపీ ప్లాస్టిక్ కవర్లో తల్లికి ఇచ్చి, ఇంకొకటి పాత బడి హెచ్‌ఎంకు వాట్సాప్ చేయండి.