మేడ మీద సోలార్ – 5వ పాఠం: తగ్గించడం ఎలా?

పోయిన పాఠంలో ఇన్వర్టర్‌లో (ప్యానెళ్ల డీసీ కరెంటుని ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె) ఉండే ఎంపీపీటీ చూశాం: ప్యానెళ్ల నుంచి రాబట్టగలిగినంతా రాబట్టడం దాని పని. ఈసారి అదే ఇన్వర్టర్ కావాలని తక్కువ తీసుకోవడం ఎలాగో చూద్దాం. ఇంట్లో వాడకం తక్కువగా ఉండి, గ్రిడ్‌కి పంపే అనుమతి లేనివాళ్లకి ఇది రోజూ ఉండే అవసరం.

ముందు ఒక అనుమానం తీర్చుకుందాం. 5 కిలోవాట్లు వచ్చేచోట 3 కే పరిమితం చేస్తే, మిగతా 2 ఇన్వర్టర్‌లో కాలిపోతాయా? కాలిపోవు. అవి అసలు కరెంటుగా బయటికే రావు. ఆ శక్తి ప్యానెల్‌లోనే వేడిగా మిగులుతుంది. ప్యానెల్ మామూలుకన్నా కాస్త ఎక్కువ వేడెక్కుతుంది.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. 540 వాట్ల ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద విఎంపీ (పవర్ అత్యధికంగా వచ్చేచోట వోల్టేజీ) 41.5 వోల్టులు, ఐఎంపీ (అక్కడే పారే కరెంటు) 13 ఆంపియర్లు, విఓసీ (కరెంటు ఏమీ తీయనప్పుడు ఉండే వోల్టేజీ) 49.5 వోల్టులు అని ఉందనుకుందాం. పది ప్యానెళ్లు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపితే వోల్టులు పదింతలవుతాయి, ఆంపియర్లు అంతే ఉంటాయి: 415 × 13 = 5,395 వాట్లు. వోల్టేజీ మారేకొద్దీ పవర్ ఎలా మారుతుందో గీస్తే, ఆ గీతకి ఇది శిఖరం. 3 కిలోవాట్లకి దిగాలంటే రెండు దారులున్నాయి: వోల్టేజీ తగ్గించుకుంటూ సుమారు 220 కి రావడం, లేదా పెంచుకుంటూ సుమారు 478 కి పోవడం. మామూలుగా ఇన్వర్టర్లు రెండో దారే పడతాయి. 230 వోల్టుల ఏసీ అల శిఖరం 325 వోల్టులు కాబట్టి డీసీ అంతకు పైన ఉంటేనే పని సులువు. పైగా 220 దగ్గర 13 ఆంపియర్లకు మించి పారుతుంది, 478 దగ్గర 6.3 చాలు.

నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది దీనివల్ల దొరికే గుర్తు. మబ్బు పట్టినప్పుడు ఆంపియర్లు పడిపోతాయి, వోల్టులు పెద్దగా కదలవు. ఇన్వర్టర్ తనే తగ్గించుకుంటే ఆంపియర్లు పడి, వోల్టులు పైకి పోతాయి. మీరు పరిమితి పెట్టకపోయినా రెండోది కనిపిస్తే, ఇన్వర్టర్ వేడెక్కిందో, గ్రిడ్ వోల్టేజీ పెరిగిందో చూడండి. ప్యానెళ్లు పాడయ్యాయని కంగారుపడి మనిషిని పిలిపించక్కర్లేదు.

ఉత్పత్తి తగ్గించడానికి ప్యానెళ్ల మీద గుడ్డ మాత్రం కప్పకండి. సగం కప్పిన ప్యానెల్‌లో నీడ పడ్డ సెల్లులు విపరీతంగా కాగిపోవచ్చు.

ఈ వారం అభ్యాసం: ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం యాప్‌లో డీసీ వోల్టులు, ఆంపియర్లు రాసుకోండి. పరిమితిని సగానికి దించి, రెండు నిమిషాలాగి మళ్లీ రాయండి. వేడికి వోల్టులు స్టిక్కర్ మీదకన్నా తక్కువే కనిపిస్తాయి. మీరు చూడాల్సింది అవి ఎటు కదిలాయన్నదే.