తెర పోయిందా, కేబుల్ నలిగిందా: ల్యాప్‌టాప్ డిస్‌ప్లే మార్చే ముందు తేల్చుకోవలసినవి

ల్యాప్‌టాప్ తెర మీద గీతలు వచ్చినా, బొమ్మ వణికినా, మొత్తం నల్లబడినా చాలామంది "డిస్‌ప్లే పోయింది" అనే నిర్ణయానికి వచ్చేస్తారు. అదే మాట దుకాణంలోనూ చెబుతారు, ఆ మాటకు తగిన బిల్లే కట్టి వస్తారు. ప్యానెల్, అంటే బొమ్మను చూపే తెర పలక, నిజంగా పాడయ్యే సందర్భాలు లేకపోలేదు. కాని ప్యానెల్ నిక్షేపంగా ఉండి, దానికి బొమ్మను మోసుకొచ్చే కేబుల్ మాత్రమే హింజ్ (మూతను కింది భాగానికి కలిపే కీలు) దగ్గర నలిగిపోయిన యంత్రాలు మరమ్మతు బల్ల మీదికి తరచుగా వస్తూనే ఉంటాయి. ఈ రెంటినీ విడదీసి చూడడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. అయినా ఆ పరీక్ష చేసి వచ్చేవారు అరుదు.

ముందు లోపం మూతలో ఉందా, కింది భాగంలో ఉందా తేల్చాలి

హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను ఇంట్లోని టీవీకి కలిపి, విండోస్ మీటతో పాటు పీ అక్షరం నొక్కి, రెండు తెరల మీదా ఒకే బొమ్మ వచ్చేలా పెట్టండి. టీవీలోనూ అవే గీతలు, అదే వణుకు కనిపిస్తే లోపం గ్రాఫిక్స్ చిప్‌లోనో, ర్యామ్‌లోనో, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లోనో ఉంది. మూత విప్పడం వృథా శ్రమ. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉంటే అనుమానం మూత వైపుకు, అంటే ప్యానెల్, కేబుల్, హింజ్‌ల వైపుకు మళ్ళాలి. టీవీ అందుబాటులో లేకపోతే, లోపం కనిపిస్తున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపుకోండి. ఫోన్‌లో చూసిన చిత్రంలో గీతలు లేకపోతే కంప్యూటర్ సరైన బొమ్మనే తయారుచేస్తోందని, అది తెరను చేరే దారిలో చెడిపోతోందని అర్థం.

తెర పూర్తిగా నల్లగా ఉండి ఫ్యాన్ తిరుగుతుంటే గది చీకటి చేసి, టార్చిలైటు ఏటవాలుగా తెర మీదికి వేసి చూడండి. లీలగా బొమ్మ కనిపిస్తే ప్యానెల్‌కు బొమ్మ అందుతోంది, వెనుక దీపం మాత్రం వెలగడం లేదు. డెల్ యంత్రాల్లో మరొక సదుపాయం ఉంది: ఆపి ఉన్న ల్యాప్‌టాప్‌లో డి అక్షరం నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే తెర నిండా ఒక్కొక్క రంగే వరుసగా వస్తుంది. ఆ రంగులు మచ్చ లేకుండా వచ్చి, మామూలు పనిలో మాత్రం గీతలు పడుతుంటే ప్యానెల్‌ను అనుమానించవలసిన పని దాదాపు లేదు.

అసలు దొంగ హింజ్ దగ్గర ఉంటుంది

కింది భాగంలోని మదర్‌బోర్డు (ప్రధాన సర్క్యూట్ పలక) నుంచి ప్యానెల్‌కు వెళ్ళే డిస్‌ప్లే కేబుల్ అతి సన్నని తీగల కట్ట. మూత తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ అది హింజ్ పక్కన ఒకే చోట వంగుతుంది. పైతొడుగు చెక్కుచెదరకుండానే లోపలి తీగ ఒకటి తెగి, మూత ఒక కోణంలో ఉన్నప్పుడు అతుక్కుంటూ, మరో కోణంలో విడిపోతూ ఉంటుంది. ఏ తీగ తెగిందన్న దానిని బట్టి రోగం వేరువేరు వేషాల్లో కనిపిస్తుంది. బొమ్మను మోసే తీగల జతల్లో ఒకటి దెబ్బతింటే చుక్కలు, గీతలు, రంగుల తేడాలు వస్తాయి. దీపానికి కరెంటు ఇచ్చే తీగ తెగితే తెర చీకటవుతుంది. ప్యానెల్ తన వివరాలను చెప్పుకునే తీగ తెగితే డిస్‌ప్లే సెట్టింగుల్లో సొంత తెర ఉన్నట్టే కనిపించదు. దీపం వెలుగుతూ బొమ్మ మాత్రం అందకపోతే తెర తెల్లగా మిగలవచ్చు. ఈ వేషాలన్నీ ప్యానెల్ పాడైనప్పటి లక్షణాలను పోలి ఉండడం వల్లనే పొరపాటు జరుగుతుంది.

పరీక్ష ఇలా చేయాలి. తెర మీద తెల్లటి బొమ్మ ఒకటి నిండుగా పెట్టి, మూతను మధ్యలో పట్టుకుని, సగం మూసిన స్థితి నుంచి పూర్తిగా వెనక్కి వాలే వరకు చాలా నెమ్మదిగా కదపండి, మళ్ళీ ముందుకు తీసుకురండి. ఏదో ఒక కోణంలో గీతలు మాయమైనా, కొత్తగా వచ్చినా, వెలుగు ఒక్క క్షణం ఆరి వెలిగినా అది కేబుల్ పనే. మూత దాదాపు మూసుకున్నప్పుడు తెర ఆరిపోవడం సహజం, దానిని లెక్కలోకి తీసుకోకూడదు. మరో ఆనవాలు కూడా ఉంది: చాలా మోడళ్ళలో వెబ్‌క్యామ్ తీగలు ఈ కట్టలోనే వెళ్తాయి, వైఫై యాంటెన్నా తీగలు కూడా హింజ్ పక్కనుంచే పైకి పోతాయి. తెర సమస్య మొదలైన రోజుల్లోనే క్యామెరా పనిచేయడం మానినా, వైఫై బలహీనపడినా హింజ్ దగ్గర ఏదో నలుగుతోందని గట్టిగా నమ్మవచ్చు.

మంచి టెక్నీషియన్లు కూడా పొరపడే చోటు ఒకటుంది, ఇది శ్రద్ధగా చదవండి. దుకాణంలో కొత్త ప్యానెల్‌ను పరీక్షించేటప్పుడు పాతదాన్ని మూతలోంచి విప్పి, కేబుల్‌ను వదులు చేసి, కొత్తదాన్ని కీబోర్డు మీద పడుకోబెట్టి తగిలిస్తారు. ఆ స్థితిలో కేబుల్ ఒత్తిడి లేకుండా సాఫుగా ఉంటుంది కనుక బొమ్మ చక్కగా వస్తుంది, వెంటనే "ప్యానెలే పోయింది" అని తేల్చేస్తారు. పాత ప్యానెల్‌ను కూడా అదే విధంగా కీబోర్డు మీద పెట్టి తగిలిస్తే అదీ చక్కగానే పనిచేసి ఉండేది. కొత్త ప్యానెల్‌తో ఇంటికి వచ్చిన యంత్రం కొన్ని వారాల్లో మళ్ళీ అవే గీతలు చూపిస్తుంది. అందువల్ల పాత ప్యానెల్‌ను అదే స్థితిలో తగిలించి చూపించమని మీరే అడగండి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ దుకాణాల్లోనైనా, మీ ఊరి మెకానిక్ దగ్గరైనా ఇది అయిదు నిమిషాల పని.

ఈ లోపం చవక యంత్రాలకే పరిమితం కాదు. యాపిల్ 2016లో తెచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలో తెర అడుగున రంగస్థలపు దీపాల్లా వెలుగునీడలు పడి, చివరికి దీపం ఆరిపోయే సమస్యకు మూత తెరిచినప్పుడల్లా వంగే పలుచని కేబులే మూలం. 2019 మేలో ఆ సంస్థ 13 అంగుళాల మోడల్‌కు ఉచిత మరమ్మతు ప్రకటించింది. ఆ కేబుల్ తెరతో కలిసిపోయి ఉండడం వల్ల తీగ తెగితే తెర మొత్తాన్ని మార్చవలసి వచ్చేది.

మామూలు ల్యాప్‌టాప్‌లలో కేబుల్ విడిగా దొరుకుతుంది. దాని మీద అతికించిన చీటీలోని నంబరు చూసి అదే తెప్పించాలి, మోడల్ పేరు చెబితే చాలదు. ఒకే మోడల్‌లో 30 పిన్నుల కేబుల్, 40 పిన్నుల కేబుల్ రెండూ ఉండవచ్చు. ముందుగా బ్యాటరీ కనెక్టర్ విప్పకుండా డిస్‌ప్లే కేబుల్‌ను ముట్టుకోనివ్వకండి, ఎందుకంటే దీపానికి వెళ్ళే కరెంటు పక్క పిన్నుకు తగిలితే మదర్‌బోర్డు మీది ఫ్యూజు కాలిపోయి చిన్న మరమ్మతు పెద్దదవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, హింజ్ బిగుసుకుపోయి ఉంటే, లేదా అది కూర్చున్న ప్లాస్టిక్ పగిలి మూల పైకి లేచి ఉంటే, దానిని బాగుచేయకుండా కేబుల్ మాత్రం మార్చకూడదు. అదే హింజ్ కొత్త కేబుల్‌నూ నలిపేస్తుంది. పగిలిన చోట ఎం-సీల్ కుక్కి పంపే పనిని ఒప్పుకోవద్దు. విరిగిన భాగమే మార్పించండి.

మిగతా కారణాలు

కోణం మార్చినా కదలని నిలువు గీత, పగులు, సిరా ఒలికినట్టు వ్యాపించే నల్లమచ్చ కనిపిస్తే అది ప్యానెలే, మార్చడం తప్ప దారి లేదు. తెర అంచును వేలితో మెల్లగా తాకినప్పుడు గీత మారితే ప్యానెల్ వెనుక కనెక్టర్‌ను ఒకసారి తీసి పెట్టించి చూడండి. కారణం లేకుండా తెర ఆరిపోతుంటే పక్కన అయస్కాంతం ఉన్న వాచీ పట్టీ, ఫోన్ కవరు, మరో ల్యాప్‌టాప్ వంటివి లేకుండా చూసుకోండి. మూత మూసుకుందని సెన్సర్ భ్రమపడుతుంది. నీళ్ళు పడడం, మదర్‌బోర్డు మీది దీపం సర్క్యూట్ పోవడం అరుదు, వాటిని ఇంట్లో తేల్చలేరు.

బాగుచేయించాలా, వదిలేయాలా

కేబుల్ అయితే సంకోచించనక్కర్లేదు. ప్యానెల్ ఖర్చులో అది చిన్న భాగం. మామూలు 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ప్యానెల్ అయినా, యంత్రం ఇంకా రెండేళ్ళు మీ పనికి సరిపోయేదైతే మార్పించవచ్చు. టచ్ తెర, ఓఎల్ఈడీ, 4కె ప్యానెళ్ళ దగ్గర మాత్రం ఆగి లెక్క వేయండి. అదే యంత్రం సెకండ్‌హ్యాండ్‌లో పలికే ధరలో సగాన్ని మరమ్మతు మింగేస్తుంటే నేను వద్దంటాను. ఒక మానిటర్ తగిలించి దానిని బల్ల మీది కంప్యూటర్‌గా వాడుకోవడం మేలు. ఏది నిర్ణయించుకున్నా, టీవీకి కలిపి ఉన్నప్పుడే ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. ప్యానెల్ మార్పిస్తే తెల్లటి బొమ్మ, నల్లటి బొమ్మ పెట్టి చుక్కలు చూసుకుని, మూతను పూర్తిగా తెరిచి మూసి, వారంటీని బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.