ఇల్లు, చేతిపని, స్వల్పకాల మిషన్ యాత్ర: మూడింటినీ సమన్వయం చేసుకునే విధానం

పది రోజుల మిషన్ యాత్ర, అంటే సువార్త కోసం, సేవ కోసం మరో చోటి క్రైస్తవ సంఘానికి వెళ్ళే ప్రయాణం, క్యాలెండరులో పది గళ్ళే ఆక్రమిస్తుంది కాని, ఇంటి బాధ్యతలున్న మనిషికి అది నిజానికి రెండు మూడు నెలల పని. బయలుదేరడానికి ముందు కొన్ని వారాలు సిద్ధపాటుకు పోతాయి, తిరిగి వచ్చాక ఇల్లు మళ్ళీ గాడిలో పడటానికి మరికొన్ని వారాలు పడతాయి. కుట్టు, అల్లిక, ఎంబ్రాయిడరీ వంటి చేతిపని తెలిసినవారికి ఆ పనిని యాత్రలో పరిచర్యగా వాడాలన్న కోరిక కూడా సహజంగానే కలుగుతుంది. ఈ మూడింటికీ అన్ని వేళలా సమానమైన సమయం ఇవ్వాలని చూసేవారు త్వరగా అలసిపోతారని నా అభిప్రాయం. ఒక్కొక్క దశలో ఒక్కటే ముందుండాలి: వెళ్ళడానికి ముందు ఇల్లు, అక్కడ ఉన్నన్నాళ్ళు మిమ్మల్ని పిలిచిన సంఘం పని, తిరిగి వచ్చాక మళ్ళీ ఇల్లు. చేతిపని ఈ మూడు దశల్లోనూ అవసరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉండాలి.

అన్నిటికంటే మొదట కావలసినది కుటుంబ సమ్మతి. చెప్పులు కుట్టే వృత్తి నుంచి వచ్చిన విలియం కేరీ 1793లో భారతదేశానికి బయలుదేరాలని నిర్ణయించుకున్నప్పుడు ఆయన భార్య డొరోతీ రావడానికి ఒప్పుకోలేదు. ప్రయాణం ఆలస్యమై, ఎంతో ఒత్తిడి తరువాత, తన చెల్లెలు కూడా తోడుగా వస్తుందన్న షరతుమీద ఆమె చివరి ఘడియలో అంగీకరించింది. మరుసటి ఏడాదే వారి ఐదేళ్ళ కుమారుడు పీటర్ మరణించాడు, ఆ తరువాత డొరోతీ మానసికంగా కుంగిపోయి, 1807లో చనిపోయేవరకు కోలుకోలేదు. కేరీ చేసిన బైబిల్ అనువాద సేవను గౌరవించేవారు ఆమె బాధను కూడా గుర్తుంచుకోవాలి. కొద్ది రోజుల యాత్ర అంత పెద్ద విషయం కాకపోయినా, తొందరపెట్టి రాబట్టిన అంగీకారం ఇంట్లో ఎలాంటి గాయం మిగులుస్తుందో ఆ జీవితం చూపుతుంది.

అందువల్ల జీవిత భాగస్వామితో మాట్లాడేటప్పుడు, దేవుడు నన్ను పిలిచాడన్న మాటతో సంభాషణను మొదలుపెట్టకండి, ఎందుకంటే ఆ మాట విన్నాక ఎదుటివారికి కాదనే అవకాశం మిగలదు. యాత్ర తేదీలు, ఖర్చు, మీరు లేనప్పుడు వారిమీద పడే పనులు ముందుగా వివరించి, ఆలోచించుకోవడానికి కనీసం ఒక వారం ఇవ్వండి. ఇంట్లో వృద్ధులుంటే వారిని విడిగా అడగండి, పిల్లలు అందరి ముందు చెప్పలేని భయాలను ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పనివ్వండి. తన ఇంటివారిని సంరక్షించని వాని గురించి 1 తిమోతి 5:8 ఎంత కఠినంగా మాట్లాడుతుందో విశ్వాసులకు తెలిసిందే, ఆ వచనం మిషన్ యాత్రకు వెళ్ళేవారికి కూడా వర్తిస్తుంది. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నా, పసిబిడ్డ ఉన్నా, భాగస్వామి మనసారా ఒప్పుకోకపోయినా ఈసారికి ఆగిపోవడమే మంచిది. స్వల్పకాల యాత్రలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, అలా ఆగినవారు ప్రార్థనతోనూ విరాళంతోనూ ఆ బృందంలో భాగం కావచ్చు.

సమ్మతి కుదిరాక ఇంటి పనులను కాగితంమీద పెట్టాలి. అందరికీ కనిపించే పనులు ఎవరో ఒకరు చేస్తారు, చిక్కంతా ఒక్కరికే తెలిసిన పనులతోనే వస్తుంది: ఏ మందు ఏ పూట వేయాలి, పాఠశాలకు ఏ రోజున ఏమి పంపాలి, ఏ బిల్లు గడువు ఎప్పుడు, రాత్రి బిడ్డ లేచి ఏడిస్తే ఎలా పడుకోబెట్టాలి. ఒక వారంపాటు మీరు చేసే ప్రతి పనినీ చేసిన వెంటనే రాసుకుంటూ పోతే ఈ జాబితా దానంతట అదే తయారవుతుంది. తరువాత, ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే, ఒక శని, ఆదివారాలపాటు ఇంటి బాధ్యతను పూర్తిగా అప్పగించి మీరు ఇంట్లో లేకుండా ఉండండి. జాబితాలో ఏమి మరిచిపోయారో ఆ రెండు రోజుల్లో బయటపడుతుంది, దాన్ని సరిచేసుకునే వ్యవధి కూడా ఉంటుంది.

చిన్న పిల్లలకు పది రోజులు అంటే ఎంత కాలమో తెలియదు కనుక, చేతిపని మొదట వారికే ఉపయోగపడనివ్వండి. రంగు కాగితపు చీలికలతో గొలుసు చేసి, రోజుకొక వలయం చొప్పున తెంపమని చెబితే, మిగిలిన వలయాలను బట్టి అమ్మ లేదా నాన్న ఎప్పుడు వస్తారో వారికి కళ్ళకు కనిపిస్తుంది. ఒక్కొక్క వలయం లోపలి వైపున ఒక చిన్న మాటో ప్రార్థనో రాస్తే ఇంకా మంచిది. రోజూ ఫోన్ చేస్తానని మాత్రం మాట ఇవ్వకండి. సిగ్నల్ లేని చోట ఆ మాట తప్పక తప్పుతుంది, ఎదురుచూసిన బిడ్డకు అది పెద్ద దుఃఖం. వీలున్నప్పుడు చేస్తాను, ఫోన్ రాకపోయినా నేను క్షేమంగానే ఉన్నానని అనుకోండి అని చెప్పడమే నిజాయితీ.

ఇక మీ చేతిపని సంగతి. ఆర్డర్లు తీసుకునేవారైతే, ప్రయాణానికి కనీసం ఒక నెల ముందు కొత్త పని ఒప్పుకోవడం మానేసి, తిరిగి వచ్చిన వారం తరువాతి తేదీలే ఇవ్వండి. యాత్ర ఖర్చు కోసం వస్తువులు చేసి అమ్మాలనుకుంటే, ఒకటి రెండు రకాలకే పరిమితమై, ముందుగా ఆర్డర్లు తీసుకుని అన్నే తయారు చేయండి. ముడిసరుకు ఖర్చు తీసేశాక మిగిలేదెంతో లెక్కవేయకుండా దిగితే, నెలంతా రాత్రులు మేల్కొని చేసినా ప్రయాణ ఖర్చులో చాలా తక్కువ భాగమే సమకూరవచ్చు, ఆ రాత్రులు మాత్రం కుటుంబం సమయంలోంచే పోతాయి.

యాత్రలో పంచడానికి వస్తువులు చేయాలన్న ఉత్సాహాన్ని కొంచెం ఆపుకోవలసి ఉంటుంది. యొప్పే పట్టణంలో దొర్కా అనే విశ్వాసురాలు చనిపోయినప్పుడు, ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను విధవరాండ్రు ఏడుస్తూ అపొస్తలుడైన పేతురుకు చూపించారని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చెబుతోంది. ఆమె వారి మధ్యనే బతికింది, ఎవరికి ఏమి అవసరమో ఆమెకు తెలుసు. దూరాన కూర్చుని, ఎవరికోసమో తెలియకుండా కొన్ని డజన్ల టోపీలు అల్లడం వేరు. ఆతిథ్యమిచ్చే సంఘాన్ని ముందే అడగండి: మీకు ఇవి కావాలా, ఎన్ని కావాలి, ఏ వయసువారికి, ఇవే అమ్ముకుని బతికేవారు అక్కడ ఉన్నారా? అమ్ముకునేవారుంటే, మీరు ఉచితంగా పంచే వస్తువు వారి బేరాన్ని దెబ్బతీస్తుంది, కనుక దారమూ బట్టా అక్కడే కొనడమో, కుట్టేవారికే పని ఇవ్వడమో మేలు. కావాలని వారే చెబితే, వేడి ప్రదేశానికి నూలును ఎంచుకోండి. యాక్రిలిక్ దారం నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, అందువల్ల పొయ్యి మంటల దగ్గర వాడుకునే వస్తువులకు, పసిపిల్లల దుప్పట్లకు అది తగదు. 3 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు గుండీలు, పూసలు కుట్టకూడదు, ఊడితే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. కళ్ళూ ముక్కూ దారంతోనే కుట్టవచ్చు.

పంచడంకంటే నేర్పడం మంచిది, నేర్పడంలో కూడా మీరు వెళ్ళిపోయాక కొనసాగేదే మంచిది. 1732లో జర్మనీలోని హెర్న్‌హుట్ నుంచి లియొన్‌హార్డ్ డోబర్, డేవిడ్ నిచ్‌మన్ అనే ఇద్దరు మొరేవియన్ (ఒక ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) విశ్వాసులు కరీబియన్ సముద్రంలో అప్పటి డేనిష్ వలస అయిన సెయింట్ థామస్ ద్వీపానికి, అక్కడి బానిసల మధ్య సువార్త ప్రకటించడానికి వెళ్ళారు. డోబర్ కుమ్మరి, నిచ్‌మన్ వడ్రంగి. ఆ ద్వీపంలో కుండలకు పనికివచ్చే మట్టి దొరకక డోబర్ చేతిపని ఆగిపోయింది, వడ్రంగి పని ద్వారానే ఇద్దరికీ జీవనం సాగింది. కుటుంబం ఉన్న నిచ్‌మన్ మాత్రం, ముందు అనుకున్నట్టే, కొద్ది నెలలకు తిరిగి ఇంటికి చేరాడు. దాదాపు మూడు వందల ఏళ్ళ నాటి ఆ ప్రయాణం ఈనాటికీ రెండు విషయాలు అడగమంటోంది: మీ పనికి కావలసిన ముడిసరుకు అక్కడ దొరుకుతుందా, ఎప్పుడు తిరిగి రావాలో ఇంటివారికి ఇచ్చిన మాట స్పష్టంగా ఉందా?

ముడిసరుకు దృష్ట్యా క్రోషే అల్లిక చాలామందికి అనుకూలంగా ఉంటుంది, ఎందుకంటే దానికి ఒకే సూది, ఏదో ఒక దారం చాలు. ఏది ఎంచుకున్నా, ఇంతకుముందు ఎన్నడూ ఆ పని చేయని ఒక పెద్దవారితో, ఒక పిల్లవాడితో ఇంట్లో చేయించి చూసి, పట్టిన సమయం గుర్తుపెట్టుకోండి. దుబాసీ ద్వారా చెప్పేచోట దానికి రెట్టింపు పడుతుందని అంచనా వేసుకోవాలి. మాటలతో వివరించేదానికంటే, మొదలుపెట్టినది, సగం అయినది, పూర్తయినది అని దశలవారీగా నమూనాలు తీసుకువెళ్ళి చేతికి ఇస్తే భాష అడ్డురాదు. కుడిచేతివాటం ఉన్నవారు తమలాంటివారి పక్కన కూర్చుని నేర్పాలి, ఎడమచేతివాటం వారికి ఎదురుగా కూర్చుంటే అద్దంలో చూసినట్టు సులువుగా అందుతుంది. కత్తెరలను లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి. పిల్లల తరగతిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫోటో తీయకూడదు. ఇది అల్లిక తరగతా, వాక్య పరిచర్య (బైబిల్ బోధ) కూడా ఉంటుందా అన్నది పిలిచేటప్పుడే చెప్పండి, ఆశపెట్టి కూర్చోబెట్టిన చోట సువార్తకు గౌరవం ఉండదు. అక్కడి స్త్రీలు మీకంటే మెరుగైన పనివారు కావచ్చు, కనుక కార్యక్రమంలో ఒక పూట వారు నేర్పడానికి, మీరు విద్యార్థిగా కూర్చోవడానికి కేటాయించండి. నా దృష్టిలో యాత్ర మొత్తంలో స్నేహం ఎక్కువగా కుదిరేది ఆ పూటనే.

కాగితాల పని త్వరగా ముగించవచ్చు కాని, ఆలస్యంగా మొదలుపెట్టకూడదు. చాలా దేశాలు ప్రయాణం తరువాత కూడా 6 నెలల గడువు మిగిలి ఉన్న పాస్‌పోర్టు కోరతాయి. పర్యాటక వీసామీద మత సంబంధమైన పని చేయడం కొన్నిచోట్ల నేరం, అందువల్ల చేయబోయే పనిని దాచకుండా చెప్పి సరైన వీసా అడగాలి. వైద్యుణ్ణి 4 నుంచి 6 వారాల ముందే కలవండి. పసుపు జ్వరం టీకా ధ్రువపత్రం, టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతే చెల్లుతుంది, మలేరియా నివారణ మాత్రలను రకాన్ని బట్టి తిరిగి వచ్చాక కూడా 7 రోజులో 4 వారాలో వాడాలి. కత్తెరలు, పదునైన పరికరాలు చేతిసంచిలో కాక, విమానంలో వేసే పెట్టెలో సర్దాలి.

అక్కడికి చేరాక, ఇంటిని దూరంనుంచి నడపాలని చూడకండి. ఫోన్ కలిసినప్పుడు మీ విశేషాలకు ముందు వారి విశేషాలు వినండి, ఏదైనా పని వేరే విధంగా జరిగిందని తెలిస్తే దిద్దడానికి ప్రయత్నించకండి. అత్యవసర పరిస్థితిలో మధ్యలోనే తిరిగి రావడానికి ఏమి చేయాలో బృంద నాయకుడితోనూ ఇంటివారితోనూ ముందే మాట్లాడి ఉంచుకోవాలి. మీకోసం ఒక చిన్న అల్లిక సంచిలో ఉంచుకుంటే, ఎదురుచూపుల గంటల్లో మనసు కుదుటపడుతుంది, చేతిలో దారం చూసి పక్కన కూర్చునేవారితో పలకరింపు కూడా సాగుతుంది. కూడికలోనూ, ఎవరైనా తమ బాధ చెప్పుకుంటున్నప్పుడూ మాత్రం దాన్ని పక్కన పెట్టాలి.

పౌలు, బర్నబా మొదటి ప్రయాణం ముగించుకుని, తమను పంపిన అంతియొకయకు తిరిగి వచ్చి, సంఘాన్ని సమకూర్చి జరిగినదంతా చెప్పి, అక్కడే శిష్యులతో బహుకాలం గడిపారని అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం ముగింపులో ఉంది. మిమ్మల్ని పంపినవారిలో మొదటివారు మీ ఇంటివారే. కనుక తిరిగి వచ్చిన తరువాతి మూడు నాలుగు రోజులు సంఘ కార్యక్రమాలకూ, అతిథులకూ, ఆర్డర్లకూ ఇవ్వకుండా ముందే ఖాళీగా ఉంచుకోండి. మీరు లేనప్పుడు జరిగినదంతా వారు చెప్పనివ్వండి, మీ సాక్ష్యం, అంటే యాత్రలో మీ అనుభవం, తరువాత చెప్పవచ్చు. అప్పగించిన పనులన్నిటినీ మొదటి రోజే లాగేసుకుంటే, వాటిని శ్రద్ధగా చేసినవారికి మనసు నొచ్చుకుంటుంది. ఏవి వారి దగ్గరే ఉంచుకోవాలనుకుంటున్నారో అడగండి, కొన్ని పనులు అలాగే ఉండిపోవడం ఇంటికి మేలే. మలేరియా ఉన్న ప్రాంతం నుంచి వచ్చినవారికి, కొన్ని నెలల తరువాత జ్వరం వచ్చినా, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్ళి ఎక్కడికి వెళ్ళి వచ్చారో చెప్పి తీరాలి, ఈ సంగతి ఇంట్లో మరొకరికి కూడా తెలిసి ఉండాలి.

యాత్రలో ఎవరెవరికి ఏమేమి పంపుతానన్నారో, సూదులైనా, నమూనాలైనా, ఫోటోలైనా, విమానంలోనే ఒక కాగితంమీద రాసుకోండి. ఇల్లు కుదుటపడిన వారంలో ఆ జాబితా తీసి, పంపగలిగినవి పంపించి, పంపలేనివాటి గురించి ఆ సంఘానికి సూటిగా తెలియజేయండి. మరో యాత్రకు పిలుపు వస్తే వెంటనే పేరు ఇవ్వకుండా, ఈసారి ఏది బరువైందో, దేనివల్ల సంతోషం కలిగిందో ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగి రాసుకుని, వారి జవాబులు చేతికి వచ్చాకే తేదీల గురించి మాట్లాడండి.