పసిబిడ్డను డాక్టరు చెకప్‌కు తీసుకుపోవడం ఎలా?

జ్వరం లేదు, దగ్గు లేదు, బిడ్డ బాగా ఆడుకుంటోంది, మరి డాక్టరు దగ్గరికి ఎందుకని కర్నూలులో ఇప్పటికీ చాలా ఇళ్లలో అడుగుతారు. బాగున్నప్పుడే పోవాలి. జ్వరంతో పోతే డాక్టరు జ్వరమే చూస్తాడు. బరువు, ఎత్తు, తల చుట్టుకొలత, చూపు, మాట, నడక నిదానంగా చూడాలంటే బిడ్డ కులాసాగా ఉండాలి.

తీసుకుపోవాల్సినవి: టీకాలు, బరువు రాసే తల్లీబిడ్డల కార్డు, పాత చీటీలు, ఒక జత బట్టలు, రెండు మెత్తని గుడ్డలు, నీళ్లు. కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, లామినేషన్ మాత్రం చేయించొద్దు. దాని మీద వచ్చే తూరి మళ్లీ రాయాలి. ఇంట్లో ఏ మందు వాడుతున్నా సీసాతో సహా పట్టుకుపోండి. ‘ఎర్రగా, తియ్యగా ఉంటుంది సార్’ అంటే ఏ డాక్టరుకూ అర్థం కాదు. అడగాల్సినవి కాగితం మీద రాసుకోండి, ఫోన్లో వద్దు. ఫోన్ బయటికి తీస్తే బిడ్డ దానికోసం ఏడుపు మొదలుపెడుతుంది, ఆ తర్వాత చెకప్ సాగదు.

పొద్దున మొదటి టోకెన్ తీసుకోండి. ఎండాకాలంలో పది దాటాక ఆటోలో ఆస్పత్రులుండే గాయత్రీ ఎస్టేట్ దాకా పోతే బిడ్డ వాడిపోతుంది. బయల్దేరడానికి గంట ముందే తినిపించేయండి, ఆస్పత్రిలో బొరుగులూ బిస్కెట్లూ వద్దు. నిండు కడుపుతో గొంతు చూపిస్తే వాంతి అవుతుంది. వెంట ఇద్దరు పెద్దవాళ్లు చాలు. జేజి, మేనత్త, పక్కింటామె అందరూ గదిలోకి వస్తే తలా ఒక మాట చెప్తారు, అసలు మాట మరుగున పడిపోతుంది.

టీకా ఒక్కటే కావాలంటే ప్రైవేటుకు పోనక్కర్లేదు. మన దగ్గర బుధ, శనివారాల్లో ఉచితంగానే వేస్తారు, ఎక్కడికి రావాలో ఆశా కార్యకర్త చెప్తుంది. దుడ్లు పెట్టి కొన్నదే బాగా పనిచేస్తుందనుకోవద్దు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ ఒక్క సూదిలోనే కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి, న్యుమోనియా, మెదడుపొరల వాపు తెచ్చే హిబ్ అనే ఐదింటికీ రక్షణ ఉంది.

బరువు చూసేటప్పుడు బట్టలతో పాటు గజ్జెలు, వెండి మొలతాడు, తాయెత్తులు కూడా తీసేయండి. పోయినసారి వాటితో, ఈసారి అవి లేకుండా తూస్తే లెక్క కుదరదు. మామూలుగా పుట్టినప్పటి బరువు ఐదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. ఒక్కరోజు బరువు చూసి దిగులుపడొద్దు. కార్డులో బరువు గీత పైకి పోతోందా, అడ్డంగా ఆగిపోయిందా అన్నదే చూసుకోండి.

ఒడిలో పట్టుకోవడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. బిడ్డను బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు నాలుగు వైపులా అదిమి పట్టుకుంటారు. పైనుంచి వంగిన ముఖాలు చూసి బిడ్డ హడలిపోతుంది. మళ్లీ ఆ గడప తొక్కాలంటే వీధిలోనే ఏడుపు అందుకుంటుంది. చిన్నబిడ్డకు తల్లి ఒడిని మించిన బల్ల లేదు.

సూదికి ఇలా కూర్చోండి. బిడ్డను మీ తొడ మీద పక్కకు తిప్పి కూర్చోబెట్టుకోండి. మీ వైపున్న దాని చెయ్యి మీ చంక కిందినుంచి వీపు వెనక్కి పోవాలి. రెండో చేతిని మీ చేత్తో పట్టుకోండి. కాళ్లు మీ రెండు తొడల మధ్య ఇమిడిపోవాలి. పట్టు గట్టిగా ఉండాలి గానీ ఊపిరి ఆడనట్టు ఉండకూడదు. దాని ముఖం మీ మెడకు ఆనుకుంటే చాలు. ఏడాదిలోపు పిల్లలకు పెంటావాలెంట్ లాంటి సూదులు తొడ ముందు బయటి వైపున, పెద్ద పిల్లలకు భుజం మీద వేస్తారు. పిర్ర మీద వెయ్యమని జేజి పట్టుబట్టినా ఒప్పుకోవద్దు, అక్కడ కాలికి పోయే పెద్ద నరం ఉంటుంది. పాలుతాగే బిడ్డయితే సూది వేసేటప్పుడు పాలిస్తూ ఉండండి, నొప్పి తగ్గడానికి ఇంతకన్నా మంచి మందు లేదు.

చెవి చూపించేటప్పుడు తలను మీ ఎదకు ఆనించి ఒక చెయ్యి కణత మీద పెట్టండి, రెండో చేత్తో బిడ్డ రెండు చేతులూ కలిపి చుట్టండి. గొంతుకైతే బిడ్డ వీపు మీ ఎదకు, ముఖం డాక్టరు వైపుకు. చెవి, గొంతు చివర్లో చూడమని ముందే అడగండి. గుండె చప్పుడు వినాలంటే బిడ్డ ఊరకుండాలి. చెవి ముట్టుకున్నాక ఇంక ఊరకుండదు.

ఈ పట్టు ఇంట్లోనే కుదరాలి. ‘అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తా’ అని బెదిరించే ఇంట్లో ఏ పట్టూ పనిచెయ్యదు. ఆ మాట ఈరోజే మానేయండి. ‘సూదే వెయ్యరు’ అని అబద్ధమూ చెప్పొద్దు. రెండేళ్లు దాటిన పిల్లలకు ‘చీమ కుట్టినట్టు ఉంటుంది, నేను పట్టుకునే ఉంటా’ అని గది బయటే చెప్పండి. సూది తీసిన వెంటనే ఎత్తుకుని నిలబడండి. ‘ఇంత దానికే ఏడుస్తావా’ అనకండి, నొప్పి పుట్టింది కాబట్టే ఏడుస్తోంది.

ఇంటికి వచ్చే ముందు

టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. సూది చోట రుద్దొద్దు, పసుపు పూయొద్దు. పుట్టినప్పుడు వేసిన బీసీజీ (క్షయ రాకుండా వేసే టీకా) చోట కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి కాస్త చీము పట్టడం మామూలే, పిండకండి.

జ్వరం వస్తే వాడమని పారాసెటమాల్ రాస్తారు. రాసింది చుక్కల మందా, సిరప్పా అని అడిగే బయటికి రండి. చుక్కల మందు ఒక మిల్లీలీటరులో సాధారణంగా 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉండేదీ ఉంది, 250 ఉండేదీ ఉంది. 125 సిరప్‌కు చెప్పిన కొలతలో చుక్కల మందు పోస్తే నాలుగింతలు లోపలికి పోతుంది. ఈ బరువుకు ఎన్ని మిల్లీలీటర్లో డాక్టరు చేతే చెప్పించుకుని, మందుల షాపులోనే సీసా మీద పెన్నుతో రాయించండి. తర్వాతి చెకప్ తేదీ కార్డులో పడిందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.