సెలవుల్లో కడుపు ఆపరేషన్: తిరుగు టికెట్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

గల్ఫ్‌లో ఉండే మన శ్రీకాకుళం వాళ్ళలో చాలామంది కడుపు ఆపరేషన్ ఏదైనా పడితే సెలవుల దాకా ఆపుతారు. ప్రాణం మీదకు వచ్చినది కాకపోతే డాక్టర్లు కూడా సరే అంటారు. ఇక్కడైతే అమ్మ ఉంటుంది, పిల్లల్ని చూసుకోడానికి పదిమంది ఉంటారు. జూలై, ఆగస్టుల్లో అక్కడి బడులకు ఎలాగూ సెలవులే. ఆ రెండు నెలల్లో పిత్తాశయంలో రాళ్ళకో, హెర్నియాకో, గర్భసంచికో ఆపరేషన్ చేయించేసుకుని, కుట్లు ఆరీ ఆరకముందే పిల్లల్ని వెంటేసుకుని విమానం ఎక్కేస్తాం.

నేనూ అదే చేశాను. మా ఆయనకి యూఏఈలోని షార్జాలో పని. నా పుట్టిల్లు టెక్కలి దగ్గర పల్లె. రెండు సిజేరియన్ల తర్వాత పాత కోత దగ్గర హెర్నియా వచ్చింది. పొట్ట కోసి, లోపల మెష్ (సన్నటి వల లాంటిది) వేసి కుట్టారు. ఆపరేషన్ చక్కగా అయింది. తేడా కొట్టింది నా తేదీల లెక్కలో. జూలై మొదట్లో ఊళ్ళో దిగి, ఆ నెలంతా చుట్టాలిళ్ళకీ బట్టల షాపులకీ తిరిగి, ఆగస్టు మొదటి వారంలో ఆపరేషన్ బల్ల ఎక్కాను. ఇరవై రెండో రోజున విమానం. ఇరవై నాలుగో రోజు రాత్రి టాక్సీలో నిద్రపోయిన చిన్నోణ్ణి ఎత్తుకుని మెట్లెక్కాను. లిఫ్ట్ పనిచేయలేదు. వాడప్పుడు పన్నెండు కిలోలు. తెల్లారేసరికి కుట్ల పక్కన నిమ్మకాయంత ఉబ్బు.

స్కాన్ తీస్తే నీరు చేరిందన్నారు. మెష్ వేసినచోట అలా చేరడం మామూలేనట, ఎత్తడం వల్లే వచ్చిందని కూడా డాక్టరు అనలేదు. కానీ లోపల వేసినది ఏ మెష్, ఏ పొర కింద వేశారు అని అడిగితే చూపించడానికి నా దగ్గర కాగితం లేదు. అది ఊడిపోయిందేమోనన్న టెన్షన్‌తో పది రోజులు నిద్ర పట్టలేదు. ఉబ్బు మెల్లగా ఇంకిపోయింది. ఆ తర్వాత సెలవులకు ఆపరేషన్ పెట్టుకున్న మావైపు వాళ్ళకి ఫోన్‌లో చెబుతూ వచ్చినవే ఇక్కడ రాస్తున్నాను. మీ డాక్టరు చెప్పినది దీనికి వేరుగా ఉంటే డాక్టరు మాటే వినండి.

ముందు తేదీలు

అందరం ఆపరేషన్ రోజు నుంచి ముందుకు లెక్కపెడతాం. పదో రోజుకో పన్నెండో రోజుకో కుట్లు విప్పుతారు, పదిహేనో రోజుకి లేచి తిరుగుతాం, ఇరవయ్యో రోజుకి వెళ్ళిపోవచ్చు అని. పైచర్మం అతుక్కోవడం చూసి మోసపోయేది ఇక్కడే. పొట్టని పట్టి ఉంచే లోపలి గట్టి పొర అంత తొందరగా బిగియదు. ఆరు వారాలకి కూడా దానికి పూర్తి బలం రాదు. అందుకే పొట్ట కోసి చేసిన ఆపరేషన్‌కి ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులు ఎత్తొద్దంటారు. ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాలతో చేసినదైతే ఆ గడువు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది మీకు చేసినదాన్ని బట్టి ఉంటుంది, అడిగి రాయించుకోండి.

విమానం ఎక్కడానికి అన్ని వారాలు అక్కర్లేదు. ల్యాప్రోస్కోపీ అయితే కొద్ది రోజులకే, పెద్ద కోత అయితే కనీసం పది రోజులు ఆగాక, డాక్టరు ఒప్పుకుంటే ఎక్కొచ్చు. పైన క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6000 నుంచి 8000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. పొట్టలో మిగిలిన గ్యాస్ అక్కడ ఉబ్బుతుంది, కొత్త కుట్ల మీద పడుతుంది. ఆ భయం తీరి, డాక్టరు సరేనంటే ఎయిర్‌లైన్స్ వాళ్ళు మామూలుగా ఎక్కించుకుంటారు. అయితే విమానంలో కూర్చోగలగడం వేరు, దిగాక ఇల్లు నడపగలగడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని నేను టికెట్ కొన్నాను.

కాబట్టి బడి తెరిచే తేదీ రాసుకుని అక్కడినుంచి ఆరు వారాలు వెనక్కి రండి. జూలై మధ్యకు వస్తారు. దానికి ముందు రక్త పరీక్షలు, ఈసీజీ, స్కాన్, మత్తు డాక్టరు చూడడం, వీటికి ఒక వారం. అంటే ఊళ్ళో దిగిన మర్నాడే డాక్టరు దగ్గర ఉండాలి. చుట్టరికాలు తర్వాత. జూలైలో చాలా రోజులు ఆషాఢమే కాబట్టి పెళ్ళిళ్ళ గొడవ ఉండదు, మనకి అది మంచికే. "శ్రావణంలో మేనకోడలి పెళ్ళి అయ్యాక చేయించుకుంటాలే" అన్నారంటే నా దారిలో పడ్డట్టే. పెళ్ళికి పత్యంతోనే వెళ్ళి కుర్చీలో కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకొకటి. పిత్తాశయమో గర్భసంచో తీశారంటే దాన్ని బయాప్సీకి, అంటే ల్యాబులో పరీక్షకి పంపుతారు. ఆ రిపోర్టు రావడానికి వారం పది రోజులు పట్టొచ్చు. అది చేతికి రాకుండా ఊరు దాటకండి. "వాట్సాప్‌లో పెడతాం లే" అన్న మాట మీద వెళ్ళకండి.

అమ్మ పత్యం

ఇది కాస్త సున్నితమైన విషయం. మా అమ్మ నాకు పదిహేను రోజులు పప్పు పెట్టలేదు. "పప్పు తింటే చీమడతాదే, ఒద్దు" అంటుంది. వంకాయ లేదు, గుడ్డు లేదు, చేప లేదు. వెల్లుల్లి కారం, చారు, గట్టిగా వండిన అన్నం. ప్రేమలో లోపం లేదు గానీ, పుండు మానడానికి కావాల్సిన ప్రోటీన్ అంతా ఆ నిషేధాల జాబితాలోనే ఉంది. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. షుగర్ ఉన్నవాళ్ళకి అది అదుపు తప్పితే ఇంకా తొందరగా పడుతుంది. అమ్మతో వాదించి గెలవలేం, అందుకని డిశ్చార్జి రోజున అమ్మని కూడా లోపలికి తీసుకెళ్ళి డాక్టరు నోటితో చెప్పించండి. మా అమ్మ అప్పుడు గానీ పెసరపప్పు కట్టుకి ఒప్పుకోలేదు. చేపకి ఇంకో వారం పట్టింది.

చోడంబలి (రాగి అంబలి) మాత్రం అమ్మ చెప్పినట్టే తాగండి, పల్చగా, మజ్జిగ కలిపి. అన్నం, కారంతో సరిపెడితే విరేచనం గట్టిపడుతుంది, ముక్కితే ఆ బలమంతా కుట్ల మీదే. నీళ్ళు బాగా తాగాలి. ఆకుకూర, అరటిపండు, బొప్పాయి తినాలి. అప్పటికీ కాకపోతే డాక్టరుని అడిగి విరేచనం మెత్తబరిచే మందు వాడాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా చిన్న దిండు పొట్టకి అదిమి పట్టుకోండి. మంచం మీంచి లేవడం కూడా నిటారుగా కాదు. పక్కకి తిరిగి, కాళ్ళు కిందికి దించి, మోచేతి మీద బలం పెట్టి లేవాలి.

నొప్పి మాత్రల సంగతి మా జిల్లా వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో మనకి ఒకరు చెప్పాలా. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు కిడ్నీల మీద భారం వేస్తాయి, కడుపులో పుండ్లు కూడా తెస్తాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే ఆపరేషన్‌కి ముందే డాక్టరుకి చెప్పండి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఎంత వచ్చిందో మీరే చూసుకోండి. రాసిన రోజులు అయిపోయాక నొప్పి ఉందని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవద్దు.

పెట్టె సర్దేటప్పుడు

ఇక్కడ డాక్టర్లు నొప్పికి తరచుగా ట్రామడాల్ కలిసిన మాత్ర రాస్తారు. యూఏఈలో ట్రామడాల్, కొడీన్ నియంత్రణలో ఉన్న మందులు. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ కూడా అంతే. అక్కడి ప్రభుత్వ అనుమతి ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోకుండా వీటిని తీసుకెళ్తే ఎయిర్‌పోర్టులోనే చిక్కు. "ప్రయాణం నాటికి ఇవి అవసరం లేకుండా వేరేది రాయండి సార్" అని అడగడం తేలిక. మిగతా మందులు కూడా చీటీతో, వాటి అట్టలతోనే తీసుకెళ్ళండి. విడిగా ప్లాస్టిక్ కవర్లో పోసుకోవద్దు. అన్నట్టు, గసగసాలు కూడా అక్కడ నిషేధమే. అమ్మ చేసిచ్చిన మసాలా పొడిలో అవి ఉన్నాయేమో అడిగి మరీ పెట్టెలో పెట్టండి.

కాగితాలు చేతిసంచిలో ఉండాలి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. ఆపరేషన్ ఎలా చేశారో రాసిన నోట్సు, మెష్ వేస్తే దాని ప్యాకెట్ మీది స్టిక్కరు, స్కాన్లు, బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. డిశ్చార్జి అయ్యే హడావిడిలో బిల్లు తప్ప ఎవరికీ ఏదీ గుర్తుండదు. ప్రయాణానికి పనికొస్తారని డాక్టరు రాసిచ్చే కాగితం కూడా కావాలి. ఎయిర్‌లైన్స్‌కి ముందే ఫోన్ చేసి వాళ్ళ ఫారం ఏమైనా ఉందా కనుక్కోండి. అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీని కూడా ఒక మాట అడగండి: ఇండియాలో చేయించుకున్న ఆపరేషన్‌కి ఏదైనా తేడా వస్తే మీరు భరిస్తారా? జవాబు మెయిల్‌లో తీసుకోండి.

ముప్పై కిలోల పెట్టెలో పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరికాయలు, ఆవకాయ జాడీ. వద్దనలేం. కానీ బెల్టు మీంచి దాన్ని లాగేది మీరు కాకూడదు. టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ అడగండి, మామూలుగా డబ్బు కట్టక్కర్లేదు. వీల్‌చైర్ తోసే మనిషికి మీ పరిస్థితి చెబితే పెట్టె విషయంలో కూడా చాలాసార్లు సాయం చేస్తారు. "నడవగలను కదా, వీల్‌చైర్ ఏంటి సిగ్గుగా" అనుకుని నేను తీసుకోలేదు.

టెక్కలి నుంచి విశాఖకి 150 కిలోమీటర్లు దాటుతుంది, పలాస, సోంపేటల నుంచి ఇంకా ఎక్కువ. అర్ధరాత్రి బయల్దేరి తెల్లవారుజామున విమానం పట్టుకునే ప్లాను వద్దు. ముందురోజే విశాఖ చేరి పడుకోండి. కారులో సీటు బెల్టు కింది పట్టీ కోత మీదికి రాకుండా తుంటి మీదుగా వేసుకుని, మధ్యలో తువ్వాలు మడిచి పెట్టుకోండి. ఆపరేషన్ అయిన కొన్ని వారాలు కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, గంటలకొద్దీ కూర్చుంటే ఇంకా ఎక్కువ. విమానంలో నడవ పక్క సీటు తీసుకుని గంటకోసారి లేచి నడవండి, కూర్చున్నంతసేపూ పాదాలు ఆడించండి.

అక్కడి ఇల్లు

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇది. మీవారి సెలవు ఆపరేషన్ రోజున ఖర్చుపెట్టకండి. ఇక్కడ అమ్మ, వదిన, పిన్ని, తమ్ముడు, ఆసుపత్రి దగ్గర బోలెడుమంది. ఆయన వచ్చి వరండాలో ఫోన్ చూసుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు. ఆ సెలవు దాచి, మీరు తిరిగెళ్ళిన తర్వాతి రెండు వారాలకు పెట్టుకోవాలి. అక్కడ మనిషన్నవాడు కావాల్సింది అప్పుడు. మాకైతే ఆయన సెలవంతా జూలైలోనే అయిపోయింది. నేను దిగిన మర్నాటి నుంచి ఆయనకి పన్నెండు గంటల డ్యూటీ. మీరు కూడా ఉద్యోగం చేస్తుంటే, యూఏఈ ప్రైవేటు ఉద్యోగాల్లో ప్రొబేషన్ అయ్యాక ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవ్ ఉంటుంది: 15 రోజులు పూర్తి జీతం, 30 రోజులు సగం జీతం, మిగతా 45 జీతం లేకుండా. ఇక్కడి డాక్టరు కాగితం చెల్లుతుందో లేదో బయల్దేరకముందే ఆఫీసులో అడగండి.

వీలైతే అమ్మని విజిట్ వీసా మీద వెంట తీసుకెళ్ళండి. 30 రోజులది, 60 రోజులది దొరుకుతాయి. నాన్న భోజనం, ఆవులు ఎవరు చూస్తారన్న ప్రశ్న వస్తుంది. దానికి ఊళ్ళో ఉన్నప్పుడే దారి చూడాలి.

ఎవరూ రాలేకపోతే బరువులన్నీ ఒకసారి లెక్కవేసుకోండి. అయిదు కిలోలు దాటినది ఏదీ మీది కాదు. అక్కడి అయిదు గ్యాలన్ల నీళ్ళ క్యాను దాదాపు పంతొమ్మిది కిలోలు. తెచ్చినవాడితోనే డిస్పెన్సరు మీద పెట్టించండి. లేదా కొన్నాళ్ళు చిన్న సీసాలు కొనండి. బియ్యం రెండు కిలోల సంచులుగా తెచ్చుకోండి. రోజూ వాడే గిన్నెలు నడుం ఎత్తున సర్దించండి. తడి బట్టలు బకెట్టుతో మోయకుండా నాలుగేసి తీసి ఆరేయండి.

పిల్లలు బియ్యం సంచులు కారు, వాళ్ళకి లెక్కలు తెలియవు. మా చిన్నోడు "ఎత్తుకో" అని రెండు చేతులూ చాపితే వద్దనడం కుట్ల నొప్పికన్నా కష్టంగా ఉండేది. తర్వాత ఒక ఉపాయం దొరికింది. నేను సోఫాలో కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, కింద చిన్న పీట వేస్తే వాడే ఎక్కి వచ్చేవాడు. స్నానానికి టబ్బులోకి దించడం మానేసి షవర్ కింద నిలబెట్టాను. నిద్రపోయాక మోసుకెళ్ళాల్సి రాకుండా మంచం మీదే జోకొట్టాలి. టాక్సీలో నిద్రపోతే లేపి నడిపించండి. ఏడిస్తే ఏడవనీండి.

వీటికి ఆగొద్దు

జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటినా, కోత చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము లేదా వాసన వస్తున్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే, కోత విచ్చుకుంటే, నల్లగా తారులా విరేచనమైతే నేరుగా ఎమర్జెన్సీకి. ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా ఎమర్జెన్సీకే. ఆయాసం, గుండెలో నొప్పి వస్తే అంబులెన్స్ పిలవాలి. డ్యూటీలో ఉన్న మీవారికి ఫోన్ చేసి ఆయన వచ్చేదాకా కూర్చోవద్దు. ఇక్కడ 108 ఎలాగో యూఏఈలో 998, సౌదీలో 997.

ఆ నంబరు, ఫ్లాట్ నంబరు, బిల్డింగ్ పేరు, పక్కింటి వాళ్ళ ఫోను ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించండి, చదవడం వచ్చిన మీ పెద్ద పిల్లకి అందే ఎత్తులో. ఫోన్ లాక్ తీయకుండానే ఎమర్జెన్సీ కాల్ ఎలా చేయాలో కూడా ఆ పిల్లకి ఒకసారి చూపించి, తిరిగి చెప్పించుకోండి, నొక్కనివ్వకుండా.