పిల్లల ఆటలను ఫొటో తీయడానికి కెమెరా ఎంచుకోవడం ఎలా?

కెమెరా కొనేటప్పుడు చాలామంది మొదట మెగాపిక్సెళ్లు ఎన్ని అని అడుగుతారు. తర్వాత కంపెనీ పేరు. లెన్స్ గురించి మాత్రం అడగరు, డబ్బాలో ఏది వస్తే దానితో సరిపెట్టుకుంటారు. ఆటల ఫొటోలు తీయాలంటే ఈ వరసను తిరగేయాలి. మీరు ఎక్కడ నిలబడతారు, అక్కడ వెలుతురు ఎంత అన్నది ముందు తేలాలి. దాన్నిబట్టి లెన్స్, లెన్స్‌ని బట్టి బాడీ, అంటే లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా. మెగాపిక్సెళ్ల సంగతి వదిలేసినా నష్టం లేదు. ఇప్పుడొచ్చే కెమెరాల్లో దాదాపు అన్నిటికీ 20 పైనే ఉంటాయి, గోడకు తగిలించే ప్రింటుకు అవి చాలు.

1. ముందు గ్రౌండ్‌లో అడుగులు లెక్కపెట్టండి

ప్రాక్టీస్ జరిగే రోజున ఒకసారి గ్రౌండ్‌కి వెళ్లండి. తల్లిదండ్రులను నిలబడనిచ్చే చోటు నుంచి ఆట ఎక్కువగా సాగే చోటు దాకా ఎంత దూరం ఉందో అడుగులతో కొలవండి. పెద్దవాళ్లు మామూలుగా నడిస్తే ఒక అడుగు ఇంచుమించు ముప్పావు మీటరు. 40 అడుగులంటే 30 మీటర్లన్నమాట.

ఆ 30 మీటర్ల దూరంలో 1.3 మీటర్ల ఎత్తున్న పిల్లాడు నిలబడ్డాడనుకోండి. కెమెరా లోపల బొమ్మ పడే పలకను సెన్సర్ అంటారు. ఇళ్లలో వాడే చాలా కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ ఎత్తు దాదాపు 15.6 మిల్లీమీటర్లు. 50 ఎంఎం లెన్స్ పెడితే పిల్లాడి బొమ్మ ఆ సెన్సర్ మీద 2.2 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే ఫ్రేములో ఏడో వంతు. మిగతాదంతా గడ్డి, ఆకాశం, మధ్యలో అగ్గిపుల్లంత మనిషి. అదే 200 ఎంఎం పెడితే 8.7 మిల్లీమీటర్లు, అంటే ఫ్రేములో సగం పైనే. కెమెరాతోపాటు వచ్చే 18-55 లెన్స్ ఎందుకు చాలదో ఈ లెక్కలోనే ఉంది.

ఫోన్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. పది అడుగుల దూరంలో పట్టపగలు ఆడే చిన్నపిల్లలకైతే ఫోన్ చాలు. దూరం పెరిగాక ఫోన్ చేసే జూమ్‌లో చాలాభాగం ఫొటోని కత్తిరించి పెద్దది చేయడమే. చిన్న డిజిటల్ కెమెరాల మీద ‘డిజిటల్ జూమ్’ అని రాసి ఉండేదీ అదే. కొనేటప్పుడు ఆప్టికల్ జూమ్, అంటే లెన్స్ నిజంగా చేసే జూమ్ అంకె ఒక్కటే చూడండి.

2. వెలుతురు ఎంతో అంచనా వేయండి

పిల్లాడు సెకనుకు 5 మీటర్ల వేగంతో పరిగెత్తుతున్నాడనుకుందాం. షట్టర్ 1/60 సెకను తెరుచుకుని ఉంటే ఆలోపు 8 సెంటీమీటర్లు ముందుకెళ్లిపోతాడు. ముఖం చెదిరిపోవడానికి అది చాలు. 1/1000 దగ్గర ఆ జరుగుబాటు 5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అందుకే పరుగుకి 1/1000, బంతిని తన్నే కాలికి, ఊపే రాకెట్‌కి 1/2000 పెట్టుకుంటారు. మరీ చిన్నపిల్లలకు 1/500తో నెట్టుకురావచ్చు. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకు వరకే పనిచేస్తుంది, పరిగెత్తే కాలిని ఆపడం దానివల్ల కాదు.

షట్టర్ అంత వేగంగా మూసుకుంటే లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఎండలో దాంతో ఇబ్బంది లేదు. ఇండోర్ హాల్లోనే అసలు కష్టం. మన కంటికి హాలు వెలిగిపోతున్నట్టే ఉంటుంది కానీ కెమెరాకి అది సాయంత్రం కిందే లెక్క. లెన్స్ మీద ఉండే ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది. ఐఎస్ఓ అంటే ఉన్న వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె. ఎఫ్ 2.8 లెన్స్‌తో ఐఎస్ఓ 3200 సరిపోయే చోట ఎఫ్ 5.6 లెన్స్‌కి 12800 కావాలి. ఐఎస్ఓ అంత పెరిగితే ఫొటోలో గరుకు తేలుతుంది. చిన్న సెన్సర్లలో అది మరీ ఎక్కువ.

ఫ్లాష్ ఉంది కదా అంటారేమో. కెమెరా మీద ఉండే చిన్న ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటితే పెద్దగా పనిచేయదు. పైగా షాట్ కొట్టబోయే పిల్లాడి కళ్లలో పడితే ఆట చెడుతుంది. ఆ ఆలోచన మానుకోండి.

3. ఇప్పుడు లెన్స్

బయట ఆడే ఆటలకైతే ఏపీఎస్-సీ కెమెరాకి 55-210, 55-250, 70-300 లాంటి జూమ్‌లలో ఒకటి సరిపోతుంది. బరువు తక్కువ, మెడ నొప్పి పుట్టదు. కాకపోతే లెన్స్ మీద ఎఫ్ 4.5-6.3 లాంటి రెండు అంకెలు ఉంటాయి. మీకు పనికొచ్చేది రెండో అంకె, ఎందుకంటే ఆటల్లో మీరెప్పుడూ జూమ్ చివర్లోనే ఉంటారు. మబ్బు పట్టిన సాయంత్రం ఆ 6.3 ఎంత చీకటో తెలిసొస్తుంది.

ఇండోర్‌లో కోర్టు పక్కనే కూర్చోనిస్తే జూమ్ మానేసి 85 ఎంఎం ఎఫ్ 1.8 తీసుకోండి. బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్ లాంటి వాటికి నేనైతే అదే అంటాను. జూమ్ ఉండదు, మీరే కాస్త అటూ ఇటూ జరగాలి. దానికి బదులు ఎఫ్ 5.6తో పోలిస్తే తొమ్మిది పదిరెట్లు వెలుతురు దొరుకుతుంది. 70-200 ఎఫ్ 2.8 లెన్స్ బయటా లోపలా రెండు చోట్లా పనికొస్తుంది నిజమే. అది కిలో నుంచి కిలోన్నర దాకా తూగుతుంది, బాడీ కంటే ఎక్కువ ఖరీదు కూడా కావచ్చు. వారానికోసారి మ్యాచ్‌కి వెళ్లేవాళ్లు అద్దెకు తెచ్చుకుని ఒకరోజు మోసి చూశాక నిర్ణయించుకుంటే మంచిది.

లెన్స్‌లు మార్చే బాధే వద్దనుకుంటే సోనీ ఆర్‌ఎక్స్10 ఫోర్ లాంటి కెమెరాలున్నాయి. 2017లో వచ్చిన ఈ మోడల్‌లో ఒకే లెన్స్, 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా లెక్కలో చెప్పాలంటే, 24 నుంచి 600 ఎంఎం దాకా చూస్తుంది. సెన్సర్ ఒక ఇంచి రకం, ఏపీఎస్-సీ కంటే చిన్నది. పగటి ఆటలకు హాయిగా ఉంటుంది, హాల్లో నీరసపడుతుంది.

4. బాడీలో ఫోకస్ చూడండి, మిగతావి తర్వాత

మా అమ్మాయి మొదటి పరుగు పందెం ఫొటోలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఫినిషింగ్ లైను దగ్గర కూర్చుని ఇరవై దాకా తీశాను. ట్రాక్ పక్కన వేసిన ప్లాస్టిక్ కుర్చీల మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. అమ్మాయి మాత్రం పొగమంచులోంచి వస్తున్నట్టు ఉంటుంది. కెమెరా తప్పేమీ లేదు, సింగిల్ ఫోకస్‌లో వదిలేసింది నేనే. ఆ మోడ్‌లో బటన్ సగం నొక్కగానే ఫోకస్ ఒకచోట కుదురుకుంటుంది. ఆ తర్వాత మనిషి ఎంత ముందుకొచ్చినా దానికి పట్టదు.

కావాల్సింది కంటిన్యువస్ ఫోకస్. నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ అని, క్యానన్‌లో సర్వో అని ఉంటుంది. మనిషి కదులుతుంటే ఫోకస్ కూడా వెంట కదులుతుంది. ఈ మోడ్ దాదాపు అన్ని కెమెరాల్లోనూ ఉంటుంది, అన్నిట్లో ఒకేలా పనిచేయదు. ఫేజ్ డిటెక్షన్ అనే ఫోకస్ పద్ధతి ఉన్న కెమెరాకి ఫోకస్ ముందుకు జరపాలో వెనక్కి జరపాలో వెంటనే తెలుస్తుంది. కాంట్రాస్ట్ మీదే ఆధారపడే పాత రకాలు ముందుకూ వెనక్కీ వెతుక్కుంటాయి. ఆ లోపు గోల్ అయిపోతుంది.

ముఖాన్ని, కంటిని గుర్తించే సదుపాయం చూసి మురిసిపోకండి. ఒంటరిగా పరిగెత్తే పిల్లకి అది బ్రహ్మాండం. ఒకే రంగు జెర్సీలో పదిమంది గుంపుగా బంతి మీద పడితే, దగ్గరగా కనిపించిన ముఖం మీదకి దూకేస్తుంది. మీరు చూపించిన పిల్లాడి దగ్గర మొదలుపెట్టి అతన్నే వెంబడించే ట్రాకింగ్ ఉందా అన్నది అడగండి.

బరస్ట్, అంటే బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా వచ్చే ఫొటోలు, సెకనుకు 8 నుంచి 10 ఉంటే చాలు. 30 ఉన్నా తీయొచ్చు కానీ రాత్రి కూర్చుని మూడువేల ఫొటోల్లో ఒకటి ఏరుకోవాల్సింది మీరే. అంతకంటే బఫర్ ముఖ్యం, కార్డులోకి వెళ్లేలోపు ఫొటోలు ఆగే చోటు అది. రెండు సెకన్లకే నిండిపోయి కెమెరా మొరాయిస్తే ఎంత వేగం ఉండి ఏం లాభం? ఇంకో సంగతి, ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకె చాలాసార్లు ఎలక్ట్రానిక్ షట్టర్‌ది. అది సెన్సర్‌ను వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి ఊపిన రాకెట్ అరటికాయలా వంకర తిరిగి పడొచ్చు. మెకానికల్ షట్టర్ వేగం ఎంతో విడిగా అడగండి.

కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ లేని కెమెరా ఆటలకు వద్దు. ఎండలో స్క్రీన్ మీద ఏమీ కనబడదు. పైకి మడిచే స్క్రీన్ కూడా ఉంటే పిల్లల ఎత్తుకు కెమెరా దించి తీయడానికి పనికొస్తుంది.

కొత్తవాటిలో క్యానన్ ఆర్10, సోనీ ఏ6700, నికాన్ జెడ్50 టూ ఈ పనికి సరిపోయే మిర్రర్‌లెస్‌లు, అంటే లోపల అద్దం లేని రకం. సెకండ్ హ్యాండ్ అయితే అద్దం ఉండే పాత రకం డీఎస్‌ఎల్‌ఆర్‌లను చిన్నచూపు చూడొద్దు. క్యానన్ 7డీ మార్క్ టూ (2014), నికాన్ డీ500 (2016) రెండూ ఆటల కోసమే అన్నట్టు చేసినవి, సెకనుకు 10 తీస్తాయి. రెండింటి షట్టర్‌నూ 2 లక్షల సార్లకు పరీక్షించారు, కాబట్టి అమ్మేవాళ్లను షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు షట్టర్ పడిందో, అడిగి తెలుసుకోండి.

5. కొనే ముందు ఐదు నిమిషాల పరీక్ష

మీరు కొనబోయే లెన్స్‌నే తగిలించమనండి. కంటిన్యువస్ ఫోకస్, బరస్ట్, 1/1000, ఐఎస్ఓ ఆటో పెట్టండి. వెంట వచ్చినవాళ్లను పది మీటర్ల అవతలి నుంచి మీవైపు గబగబా నడిచి రమ్మనండి. ఇరవై ఫొటోలు తీసి ఒక్కోదానిలో కంటి దగ్గర జూమ్ చేసి చూడండి. పదిహేను స్పష్టంగా ఉంటే తీసుకోవచ్చు. పది కంటే తక్కువైతే, ఇంకేం ఉన్నా పక్కన పెట్టేయండి. అదే చోట కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేసి, మొదటి ఫొటోకి ఎంతసేపు పట్టిందో కూడా చూడండి. కంటి దగ్గర రెండు నిమిషాలు ఎత్తి పట్టుకుంటే బరువు సంగతి చెయ్యే చెబుతుంది.

హాల్లో తీసేవాళ్లు మెనూలో యాంటీ ఫ్లికర్ ఉందేమో వెతకండి. కరెంటు దీపాలు కొన్ని సెకనుకు 100 లేదా 120 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు. 1/1000తో వరసగా తీస్తే మాత్రం ఒక ఫొటో వెలుగుగా, పక్కది చీకటిగా, మూడోది పసుపుగా వస్తుంది.

6. వెంట ఉండాల్సినవి

వేగానికి వీ30 గుర్తున్న మెమరీ కార్డు చాలు. కెమెరాలో ఇంకా వేగమైన యూహెచ్‌ఎస్-టూ రకం స్లాట్ ఉంటేనే ఆ రకం కార్డుకు డబ్బు పెట్టండి. మిర్రర్‌లెస్ అయితే అదనపు బ్యాటరీ తప్పనిసరి, సెకండాఫ్‌లో చచ్చిపోయే అలవాటు వాటికి ఉంది. ఇక కొన్న రోజే పైన చెప్పిన సెట్టింగులన్నీ మోడ్ డయల్ మీద సొంత సెట్టింగులు దాచుకునే సీ1లోనో యూ1లోనో సేవ్ చేసి పెట్టుకోండి. పుట్టినరోజు ఫొటోలు తీసి ఏవేవో మార్చేసినా, గ్రౌండ్‌లోకి రాగానే డయల్ ఒక్కసారి తిప్పితే సరిపోతుంది.