ఇద్దరు రాకుమారుల ప్రేమకథ చేతికొస్తే ఎలా చదవాలి

ముందే ఒక మాట. ఇద్దరు రాకుమారులో, ఇద్దరు రాకుమార్తెలో ప్రేమించుకునే ఇంగ్లీషు ఫాంటసీ నవలని "స్వలింగ ప్రేమ గురించి నాలుగు విషయాలు తెలుసుకుందాం" అనుకుని మొదలుపెట్టకండి, పదో పేజీకే విసుగొచ్చేస్తుంది. లోపల ఉండేది శాపాలు, సింహాసనం కోసం కుట్రలు, ఎవరూ దాటకూడని అడవి, వాటి మధ్యలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడానికి రెండువందల పేజీలు తీసుకునే ఇద్దరు కుర్రాళ్ళు, లేదా ఇద్దరమ్మాయిలు. మన ఇళ్ళల్లో చందమామ చదివి పెరిగినవాళ్ళకి ఇందులో సగం పరిచయమే.

పుస్తకం ఎంచుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట బాగుంది కదా అని 150 రూపాయలు పెట్టి నేనొకటి తెచ్చుకున్నాను, ఇంటికొచ్చి చూస్తే అది రెండో భాగం. ఫాంటసీలో చాలావరకు రెండు మూడు భాగాల సిరీస్‌లే ఉంటాయి, కాబట్టి పుస్తకం వీపు మీద అంకె ఉందేమో చూడండి, లోపల మొదటి పేజీల్లో అదే రచయిత పుస్తకాల పట్టిక ఉంటే వరస కూడా అందులోనే తెలుస్తుంది. రెండోది వయసు. యంగ్ అడల్ట్ అంటే ప్రధానంగా 12 నుంచి 18 ఏళ్ళవాళ్ళ కోసం రాసినవి, ప్రేమ ఎక్కువగా ముద్దుల దగ్గర ఆగుతుంది. న్యూ అడల్ట్ అని ఇంకో రకం ఉంది, అందులో పడగ్గది సన్నివేశాలు ఎక్కువగానే ఉంటాయి, అట్టలు మాత్రం చాలాసార్లు అచ్చం ఒకేలా ఉంటాయి. ఇంట్లో తమ్ముడికో చెల్లికో కొనేటప్పుడు ఇది చూసుకోవాలి. డిసెంబర్ వస్తే ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ ఉంటుంది కదా, అక్కడ నిలబడి మొదటి అధ్యాయం చదివి కొనుక్కోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆ పుస్తకం చదివినవాళ్ళెవరైనా ఉంటే "చివరికి ఇద్దరూ బతికే ఉంటారా?" అని అడిగెయ్యండి. కథ ముందే తెలిసిపోతుందని మొహమాటపడొద్దు. ఇలాంటి జంటల్లో ఒకరిని చంపేసి కన్నీళ్ళు తెప్పించడం కథల్లో చాలాకాలంగా ఉన్న అలవాటు. బతికున్నారని తెలిసి చదివితే భయం లేకుండా ప్రేమని చూడగలం, చనిపోతారని తెలిస్తే దానికి సిద్ధపడి చదవగలం.

ఇక చదవడం. మొదటి యాభై పేజీలు కష్టం, అది మీ తప్పు కాదు. పేర్లు నోరు తిరగవు, మ్యాపులో ఏడు రాజ్యాలుంటాయి. నేను చేసేది ఏంటంటే బుక్‌మార్క్‌గా ఒక పొడుగాటి కాగితం పెట్టుకుని పేర్లన్నీ తెలుగులో రాసుకుంటాను, పక్కన "రాణి తమ్ముడు", "దొంగ, మంచివాడే అనుకుంటా" అని రెండు ముక్కలు. తెలుగు లిపిలో రాయగానే పేరుకి ఒక పలుకు వచ్చేస్తుంది, అది రచయిత అనుకున్న పలుకు కాకపోయినా ఫర్వాలేదు. మంత్రశక్తికి ఎలాంటి వెల చెల్లించాలో, అంటే రక్తమా, జ్ఞాపకమా, ఆయుష్షా, అది కూడా ఆ కాగితం మీదే రాయండి, ఎందుకంటే చాలాసార్లు క్లైమాక్స్‌లో ప్రేమికుల్లో ఒకరు ఆ వెల చెల్లించడానికి సిద్ధపడతారు, అప్పుడు ఆ నియమం గుర్తులేకపోతే సన్నివేశం పేలదు.

ఇంకోటి గమనించండి, ఈ నవలల లోకాలు రెండు రకాలు. కొన్నిటిలో రాకుమారుడు ఇంకో రాకుమారుణ్ణి పెళ్ళి చేసుకుంటానంటే సభలో ఎవరూ ఉలిక్కిపడరు, "ఆ రాజ్యంతో సంధి కుదురుతుందా" అని మాత్రమే అడుగుతారు. కొన్నిటిలో మన లోకంలాగే భయం, దాపరికం ఉంటాయి. మీరు చదువుతున్నది ఏ రకమో మొదటి ఐదారు అధ్యాయాల్లో తేల్చుకోండి. మొదటి రకంలో "ఇంట్లోవాళ్ళు ఎందుకు గొడవ చెయ్యట్లేదు" అని వెతుక్కుంటూ కూర్చుంటే రచయిత ఇచ్చిన ఊపిరి మనకి అందదు. అలాగే ఇద్దరిలో మగపాత్ర ఎవరు, ఆడపాత్ర ఎవరు అని లెక్కలెయ్యడం మానేసి, ఎవరు ముందు అబద్ధం చెప్పారు, ఎవరికి ఏ భయం ఉంది అన్నది చూడండి.

ప్రేమ నిదానంగా సాగుతుంది. దీన్ని వారపత్రిక సీరియల్‌లా చదవడం నాకు బాగా పనిచేసింది. అధ్యాయాలు ఎక్కువగా చిన్నవే, చాలావరకు ఉత్కంఠ దగ్గర ఆగుతాయి, రోజుకి రెండే అని పెట్టుకోండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళే మెట్రోలో సీటు దొరికితే ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు అధ్యాయాలు హాయిగా అయిపోతాయి, అమీర్‌పేటలో జనం మీద పడినా సరే. ముద్దు కోసం పేజీలు తిప్పెయ్యకండి. నేను చదివిన ఒకదాంట్లో గాయపడ్డవాడి చొక్కా గుండీలు విప్పడానికి రెండోవాడి వేళ్ళు వణుకుతాయి, "చలి" అంటాడు, నిప్పు పక్కనే కూర్చుని. ఆ ఒక్క "చలి" కోసం నేను పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ చదివాను.

ఇప్పుడు భాష సంగతి, ఇది మనకే వచ్చే చిక్కు. చిక్కడపల్లిలో ఉండే మా పిన్నికి సీరియళ్ళంటే ప్రాణం. నా చేతిలో పుస్తకం చూసి "ఏం కథే అది, చెప్పు" అంది. చెప్తూ చెప్తూ పడవ నడిపే పాత్ర దగ్గర ఆగిపోయాను. ఆ పాత్ర ఆడా కాదు, మగా కాదు, ఇంగ్లీషులో అతడు, ఆమె అనకుండా "దే" (they) అని రాశారు. "తను అర్ధరాత్రి పడవేసుకుని..." అని ఆగితే పిన్ని వెంటనే "వచ్చాడా, వచ్చిందా?" అంది. మన తెలుగులో "తను" అన్న మాటకి ఆడామగా తేడా లేదు, క్రియ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తేల్చమంటుంది. "వచ్చారు" అన్నాను. పిన్ని ఒక్క క్షణం ఆలోచించి, "ఓహో, పెద్దవాళ్ళని అన్నట్టు. బానే ఉంది, తర్వాత?" అంది. అప్పట్నుంచి నాకు అదే పద్ధతి: "తను", "వచ్చారు", "చెప్పారు". చదివేటప్పుడు మనసులో కూడా అలాగే అనుకుంటే ఆ పాత్ర సరిగ్గా కనిపిస్తుంది. ట్రాన్స్ పాత్ర, అంటే పుట్టినప్పుడు అందరూ ఆడో మగో అని అనుకున్నదానికి భిన్నంగా తనని తాను చూసుకునే పాత్ర అయితే, పుస్తకం ఆ పాత్రని అమ్మాయి అంటే అమ్మాయే, అబ్బాయి అంటే అబ్బాయే, పాత పేరు బయటపడినా మీరు చెప్పేటప్పుడు ఆ మాట మార్చకండి.

"ఇవన్నీ బయటి దేశాల కథలు" అని ఎవరైనా అంటే పదహారో శతాబ్దపు పింగళి సూరన కావ్యం కళాపూర్ణోదయం గుర్తుచెయ్యండి. అందులో మణిస్తంభుడు ఆడదవుతాడు, సుముఖాసత్తి మగవాడవుతుంది, కళాపూర్ణుడు వాళ్ళకి పుట్టినవాడే, మణిస్తంభుడు తల్లి, సుముఖాసత్తి తండ్రి. ఇంతకంటే పెద్ద ఫాంటసీ ఏం కావాలి! "మన దగ్గర నేరం కదా" అనేవాళ్ళూ ఉంటారు. ఇష్టపూర్వకంగా ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చి చెప్పింది. పెళ్ళి హక్కు మాత్రం 2023 అక్టోబర్ తీర్పులో రాలేదు, అందుకే రాకుమారుల పెళ్ళి అధ్యాయం చదువుతుంటే కొంతమందికి గొంతు పట్టేస్తుంది.

ఫ్రెండ్‌తో కలిసి చదివితే ఇంకా బాగుంటుంది, అధ్యాయం అయ్యాక వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టుకోవచ్చు. కానీ ఒకటి, ఈ పుస్తకం చదువుతోంది కాబట్టి తను కూడా అలాంటిదేనేమో అని ఎవరి గురించీ ఊహించకండి, అడగకండి, ఇంకొకరితో అనకండి. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు. ఇంట్లో టెన్షన్ ఉన్నవాళ్ళు స్కూలు పుస్తకాలకి వేసినట్టు బ్రౌన్ షీట్ అట్ట వేసుకోండి, లేదా ఫోన్లో చదవండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పుస్తకం ఎవరికైనా ఇస్తే పేర్ల చీటీ తీసెయ్యకుండా అందులోనే ఉంచి ఇవ్వండి. మా పిన్ని ఇంగ్లీషులో నిదానంగా చదువుతుంది, ఇప్పుడు ఇరవయ్యో అధ్యాయంలో ఉంది. నిన్న చీటీ చూస్తే పడవ నడిపే పాత్ర పేరు పక్కన పెన్సిల్‌తో "వారు" అని రాసుకుంది.